పులుపు తెలిసిన నాలుకకి షార్డొనే

మెల్‌బోర్న్‌కి తూర్పున గంట ప్రయాణం చేస్తే యారా వ్యాలీ వస్తుంది. అక్కడ ఒక వైనరీ ల్యాబ్‌లో 24 పంటలు పనిచేశాను. ఆ పనిలో ఉన్నవాళ్ళు సర్వీసు ఏళ్ళలో చెప్పరు, పంటల్లో చెబుతారు. హైదరాబాదులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, చదువుకి తగ్గ పని కోసం తిరుగుతుంటే దొరికిన ఉద్యోగం అది. మా పుట్టింట్లో గానీ అత్తవారింట్లో గానీ సీసా గడప దాటి లోపలికి వచ్చిన దాఖలా లేదు. చేరిన రోజున ఆ మాటే చెప్పాను. "తాగక్కర్లేదు. నోట్లో పోసుకుని, చూసి, ఉమ్మేసి, తోచింది రాయండి. మాకు కావలసింది అదే" అన్నాడు అక్కడి పెద్ద వైన్‌మేకర్.

ఇప్పుడు రిటైరయ్యాను. మా చెల్లెలి కూతురు, అల్లుడు, వాళ్ళ స్నేహితులు సెలవు రోజుల్లో యారా వ్యాలీ వెళ్ళొస్తూ "పెద్దమ్మా, అందరూ ఏదేదో చెబుతున్నారు, మాకేమో పుల్లగా ఉందని తప్ప ఇంకేం తెలియడం లేదు" అంటారు. పుల్లగా ఉందని తెలిస్తే సగం తెలిసినట్టే. మిగతా సగం కోసం వాళ్ళకి అప్పుడప్పుడూ చెప్పినవి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. ముందు పండు కొరకండి

నా మొదటి పాఠం గ్లాసులో కాదు, తోటలో మొదలైంది. ఫిబ్రవరి నెలాఖరు, తెల్లవారి ఆరు గంటలు. చేతిలో ప్లాస్టిక్ సంచి. రెండు వరసల మధ్య నడుస్తూ, ఎండ తగిలే వైపు నుంచి కొన్ని, నీడ వైపు నుంచి కొన్ని ద్రాక్షపళ్ళు తుంచి సంచిలో వేయాలి. తర్వాత సంచి పైనుంచే చేత్తో నలిపి, ఆ రసంలో చక్కెరెంతో పులుపెంతో ల్యాబ్‌లో కొలవాలి. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ గుత్తులు చూసి పెరిగిన కంటికి షార్డొనే గుత్తి చాలా చిన్నగా కనిపించింది. పండు బఠాణీ కంటే కాస్త పెద్దది, పల్చటి తొక్క, ఆకుపచ్చ మీద కొద్దిగా బంగారు రంగు.

తోట మేస్త్రీ నా సంచి వైపు చూసి, "మిషన్ తర్వాత. ముందు నోట్లో వేసుకో" అన్నాడు. రసం మింగి తొక్క నమలమన్నాడు. లోపలి విత్తనం ఉమ్మి అరచేతిలో పెట్టుకుని చూడమన్నాడు. పచ్చిగా ఉంటే విత్తనం ఆకుపచ్చగా ఉండి నాలుకని వగరు పట్టిస్తుంది. ముదిరితే గోధుమరంగు తిరిగి పంటి కింద కరకరమంటుంది.

మా అమ్మ ఆవకాయ రోజుల్లో బజారుకెళ్తే చేసేది సరిగ్గా ఇదే. జలాల రకం మామిడికాయల గంపలోంచి కాయ తీయించి, చెక్క కోయించి, పంటి కింద పెట్టి ఒక్క క్షణం ఆగేది. "పులుపు చాలదు, ముక్క మెత్తబడిపోతుంది" అని పక్క గంపకి వెళ్ళేది. ఆవిడ చేతిలో ఏ కొలతా లేదు. ఏడాదంతా జాడీలో నిలవాల్సిన పచ్చడి కాబట్టి పులుపు దగ్గర రాజీ పడేది కాదు. షార్డొనే కోతకి ముహూర్తం పెట్టేవాళ్ళు కూడా ఆ పులుపు కోసమే చూస్తారు. పులుపు నిలిచి ఉండాలి, పచ్చిదనం పోయి ఉండాలి. ఆ రెండూ కలిసే రోజులు ఏడాదిలో నాలుగైదుకి మించవు.

చింతపండు, మామిడికాయ, గోంగూర, నిమ్మకాయ, పుల్లమజ్జిగ, వీటి పులుపులు ఒకదానికొకటి ఎలా వేరో మనకి ఎవరూ నేర్పలేదు, తింటూ పెరిగాం. ఈ వైన్‌కి అంతకంటే పెద్ద అర్హత అక్కర్లేదు.

2. చలి ఏం చేస్తుందో తెలుసుకోండి

ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్, చింతపండుకి పులుపునిచ్చేది అదే. రెండోది మాలిక్, పచ్చి యాపిల్‌లో ఉండేది. పండు ముగ్గే రోజుల్లో వేడి ఎక్కువైతే ఆ పండే తన ఊపిరికి మాలిక్‌ని ఖర్చు పెట్టేసుకుంటుంది. అందుకే వేడి ప్రాంతాల్లో చక్కెర గబగబా పెరుగుతుంది, పులుపు అంత త్వరగానూ పడిపోతుంది. చల్లటి చోట, ముఖ్యంగా రాత్రుళ్ళు చల్లబడే చోట, పండు నిదానంగా ముగ్గుతుంది, పులుపు మిగులుతుంది. వేడి నేల షార్డొనేలో పనసతొన, బాగా పండిన మామిడి, అనాస వాసనలు వస్తాయి. చలి నేలదైతే నిమ్మ, పచ్చి యాపిల్, బేరిపండు, తెల్లపూలు.

యారా వ్యాలీలోనే ఈ తేడా చూడొచ్చు. లోయ అడుగున తోటలు ఒక తీరు. హాడిల్స్ క్రీక్, గ్లాడిస్‌డేల్ వైపు ఎర్రమట్టి కొండల మీది తోటలు ఇంకో తీరు. పై తోటల్లో కోత ఎప్పుడూ వెనకబడే వస్తుంది. అక్కడి పండు ల్యాబ్‌కి వచ్చిందంటే పులుపు కొలిచే బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువ ఖర్చవుతుందని నాకు ముందే తెలిసిపోయేది. టాస్మేనియా, అడిలైడ్ హిల్స్, మోర్నింగ్టన్ ద్వీపకల్పం కూడా చల్లటి నేలలే. ఫ్రాన్సులో ఈ తరహాకి పెద్ద పేరు షాబ్లీ. అక్కడ సీసా మీద ఊరి పేరే ఉంటుంది, షార్డొనే అని సాధారణంగా రాయరు. అది తెలియక చాలామంది "మాకు షార్డొనే పడదు, షాబ్లీ అయితే ఇష్టం" అంటారు.

చలికి మూల్యం కూడా ఉంది. షార్డొనే తొందరపడి చిగురిస్తుంది. షాబ్లీలో ఏప్రిల్ నెల మంచు ఆ చిగురుని కాల్చేస్తుంది. 2021 ఏప్రిల్‌లో అక్కడ పంట ఘోరంగా దెబ్బతింది. రైతులు తీగల మధ్య పెద్ద పెద్ద మైనపు దీపాలు వెలిగించి రాత్రంతా కాపలా కాస్తారు. కొందరు చిగుళ్ళ మీద నీళ్ళు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడి విడుదల చేస్తుంది. చల్లుతూ ఉన్నంతసేపూ మంచు తొడుగు లోపల చిగురు సున్నా డిగ్రీల దగ్గరే క్షేమంగా ఉంటుంది. ఎమ్మెస్సీలో గుప్తోష్ణం గురించి పరీక్షలో రాశాను గానీ, దాన్ని నమ్ముకుని ఒక ఊరి జీవనం నడుస్తుందని అప్పుడు తెలియదు.

3. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయకండి

మనవాళ్ళ ఇళ్ళలో నేను చూసిన అతి పెద్ద పొరపాటు ఇదే. ఇంటి ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో వాసన పైకి లేవదు, పులుపు ఒక్కటే పళ్ళకి తగులుతుంది. 10 నుంచి 12 డిగ్రీలు సరైన వేడి. పీపాలో ఉంచిన మంచి రకమైతే 13 అయినా పర్వాలేదు. సీసా బయటికి తీసి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆగండి.

మా అల్లుడు నమ్మలేదు. ఒకే సీసా నుంచి ఫ్రిజ్ చలి మీద ఒక గ్లాసు పోసి వాసన రాయమన్నాను. "నిమ్మకాయ" అని ఒక్క మాట రాశాడు. ఆ గ్లాసునే బల్ల మీద వదిలేసి, పది నిమిషాలకోసారి చూడమన్నాను. నలభై నిమిషాలకి అతని కాగితం మీద దబ్బకాయ తొక్క, బేరిపండు, నానబెట్టిన బాదం, తడి రాయి చేరాయి. సీసా మారలేదు, మనిషి మారలేదు.

4. గ్లాసులో మూడో వంతే పోయండి

అడుగున వెడల్పుగా, అంచు దగ్గర సన్నగా ఉండే గ్లాసు తీసుకోండి. మిగతా రెండు వంతులు వాసనకి. కాడ పట్టుకోవాలి, గిన్నె పట్టుకుంటే చేతి వేడి లోపలికి పోతుంది. కొత్త షార్డొనే లేత గడ్డిరంగులో, అంచున ఆకుపచ్చ నీడతో ఉంటుంది. ముదురు బంగారు రంగుంటే వయసైనా అయి ఉండాలి, గాలి తగిలి పాడైనా ఉండాలి. రంగు గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

5. వాసనలకి తెలుగు మాటలే పెట్టుకోండి

ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానంటే అబద్ధం కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నోట్సు రాయడానికి చాలా బాధపడ్డాను. పక్కవాళ్ళు గూస్‌బెర్రీ, హనీసకిల్, నెక్టరిన్, క్విన్స్ అని రాస్తున్నారు. అవేవీ నేను తినలేదు, చూడలేదు. వాళ్ళ మాటలే నేనూ రాసేదాన్ని. రెండు పంటలు అలా గడిచాయి. ఒకరోజు ఒకే వైన్ నాలుగు గ్లాసుల్లో పెట్టి, అందులో రెండు ఒకే పీపావి, కనుక్కోమన్నారు. అరువు తెచ్చుకున్న మాటలతో కనుక్కోలేకపోయాను. ఇంటికొచ్చి కొత్త పుస్తకం తీసి, మన భాషలో రాయడం మొదలుపెట్టాను.

దబ్బకాయ వేరు, నిమ్మకాయ వేరు, గజనిమ్మ వేరు, బత్తాయి తొక్క వేరు. పచ్చి మామిడి చెక్కు తీసేటప్పుడు వచ్చే జీడి వాసన ఒకటి, అదే కాయ రెండు రోజులు మగ్గేశాక వచ్చే వాసన ఇంకొకటి. ఎండిన నేల మీద తొలకరి చినుకు పడితే లేచే వాసన, సున్నం తడిపినప్పటి వాసన, కొత్త కుండలో నీళ్ళ వాసన. పాలు తోడుకుని పెరుగయ్యే వాసన, వెన్న కాస్తుంటే వచ్చే వాసన, నెయ్యిలో వేగే జీడిపప్పు. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. వాటికి వైన్‌లో చోటుందని తెలియలేదు, అంతే. తెలుగులో రాయడం మొదలుపెట్టాక ఏ పీపా ఏదో చెప్పగలిగాను. ఆఫీసు రికార్డుకి ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చేదాన్ని, పుస్తకం మాత్రం నా దగ్గరే ఉండేది.

వాసన రెండుసార్లు చూడాలి. గ్లాసు కదపకుండా ఒకసారి, తిప్పాక ఒకసారి. మొదటిసారి ఎగిరిపోయే సున్నితమైనవి దొరుకుతాయి. ముక్కు త్వరగా అలసిపోతుంది, కాబట్టి మధ్యలో మీ చీర కొంగో చొక్కా చెయ్యో వాసన చూడండి, మళ్ళీ తేరుకుంటుంది.

6. నోట్లో దవడలని అడగండి

చెంచాడు తీసుకుని, నోరంతా తిప్పి, పెదాల మధ్య నుంచి కొద్దిగా గాలి లోపలికి పీల్చండి. చప్పుడవుతుంది, పర్వాలేదు. ఉమ్మేశాకో మింగాకో దవడల కింద ఏం జరుగుతోందో గమనించండి. పచ్చి మామిడి ముక్క తలచుకుంటేనే నీరూరే చోటు అది. మంచి చలినేల షార్డొనే అక్కడ నీరూరిస్తుంది, పళ్ళు జివ్వుమనిపించదు. నీరూరక ముద్దగా, బరువుగా నిలిచిపోతే అందులో పులుపు తక్కువ.

తర్వాత రుచి ఎంతసేపు ఉంటుందో లెక్కపెట్టండి. ఫ్రెంచివాళ్ళు ఆ ఒక్కొక్క సెకనుని కొడలీ అంటారు. పదిహేను దాటితే ఆ వైన్ తయారుచేసినవాళ్ళకి నమస్కారం పెట్టొచ్చు.

7. వెన్న వాసన పండుది కాదు

షార్డొనే పండుకి తనదైన ఘాటు వాసన పెద్దగా లేదు. అందుకే మనిషి చేతి పని దీని మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పాఠం కాస్త పొడవు, ఓపిక పట్టండి.

రసం పులిశాక, ఒక రకం బాక్టీరియా అందులోని మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. లాక్టిక్ అంటే మన పెరుగులోని పులుపే. కోసుకుపోయే పులుపు మెత్తబడుతుంది, వెంట డయాసిటైల్ అనే పదార్థం కూడా పుడుతుంది. వెన్నకి ఆ వాసన ఇచ్చేది అదే. అంటే ఒకే గ్లాసులో చింతపండు, పచ్చి యాపిల్, పెరుగు, మూడింటి పులుపులూ ఉండొచ్చు. ఏది ఎంత ఉండాలో వైన్‌మేకర్ నిర్ణయం. చల్లటి ఏడాదిలో మార్పు జరగనిస్తారు, వేడి ఏడాదిలో ఆపేస్తారు.

రెండోది ఓక్ పీపా. ఫ్రాన్సులోని బుర్గుండీలో వాడే పీపా 228 లీటర్లది. కొత్త పీపా అయితే వనిల్లా, కాల్చిన రొట్టె, లవంగం వాసనలు వస్తాయి. పాత పీపా వాసన ఇవ్వదు గానీ, కొద్దికొద్దిగా గాలి తగలనిచ్చి వైన్‌ని గుండ్రంగా చేస్తుంది. స్టీలు ట్యాంకులో ఉంచితే పండు, పులుపు మాత్రమే మిగులుతాయి. షాబ్లీలో చాలావరకు స్టీలే.

మూడోది మడ్డి. పని ముగించి చచ్చిపోయిన ఈస్ట్ అడుగున చేరుతుంది. దాన్ని తీసేయకుండా నెలల తరబడి ఉంచి, అప్పుడప్పుడూ కర్రతో కలుపుతారు. నోట్లో మీగడలాంటి నిండుదనం అక్కడి నుంచి వస్తుంది. చలికాలం పొద్దున్న పీపాల గదిలో ఆ కర్ర తిప్పుతుంటే పులిసిన దోసెల పిండి మూత తీసినట్టు ఉండేది. నాకు ఆ ఉద్యోగంలో అన్నింటికంటే ఇష్టమైన వాసన అది.

నేను చేరేనాటికి ఆస్ట్రేలియాలో షార్డొనే అంటే వెన్న, ఓక్ మాత్రమే. పండు వెతికినా దొరికేది కాదు. జనం విసిగిపోయి "షార్డొనే తప్ప ఏదైనా ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు. దాంతో కొందరు రెండో చివరికి పోయి, పచ్చిగా కోసి, నీళ్ళలా పల్చగా చేశారు. అదీ తప్పే. ఇప్పుడు యారాలో మంచి చేతులు మధ్యదారికి వచ్చాయి. పండు ముందు ఉంటుంది, పీపా వెనక నిలబడుతుంది. నా అభిప్రాయంలో ఓక్ మొదట తగిలిందంటే ఆ వైన్‌లో పండు చాల్లేదు. కూరలో మసాలా ఒక్కటే తెలిస్తే కాయగూర మీద అనుమానం వస్తుంది కదా, అదే లెక్క.

8. అగ్గిపుల్ల వాసనకి భయపడకండి, అట్టపెట్టె వాసనని క్షమించకండి

కొన్ని మంచి షార్డొనేలలో అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. గంధకం ఉన్న పదార్థాల వల్ల అది. లేశమాత్రంగా ఉంటే అందం, గ్లాసు తిప్పితే కాసేపటికి తగ్గుతుంది. ఉడికిన గుడ్డు వాసన దాకా పోతే లోపం.

తడిసిన అట్టపెట్టె, పాత గోనెసంచి వాసన వస్తే అది కార్కు జబ్బు. సీసా వెనక్కి ఇచ్చేయండి, మొహమాటం వద్దు. ఆస్ట్రేలియాలో ఎక్కువగా మరమూతలే కాబట్టి ఇక్కడ ఆ బాధ అరుదు. కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన వస్తే గాలి తగిలి పోయిందని అర్థం.

ఇంకొకటి కూడా నేను చూశాను. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో కార్చిచ్చులు రేగాయి. యారా వ్యాలీ మీద పొగ కమ్మింది. ఆ ఏడు కొన్ని తోటల పండు పైకి శుభ్రంగానే ఉంది, రసమూ బాగానే ఉంది. పొగ పదార్థాలు పండులో చక్కెరతో ముడిపడి దాక్కుంటాయి. పులిసేటప్పుడు కొంత, నోట్లో లాలాజలం తగిలాక మరికొంత బయటపడతాయి. ఉమ్మేశాక పొయ్యిలో చల్లారిన బూడిద మిగిలేది. ఆ నెల కాలిపోయిన ఇళ్ళ మధ్య నుంచి పనికి వచ్చినవాళ్ళున్నారు. ల్యాబ్‌లో ఆ గ్లాసుల ముందు ఎవరం మాట్లాడుకోలేదు.

9. రాయి రుచి గురించి

ఒక సెప్టెంబరులో మావారూ నేనూ షాబ్లీ వెళ్ళాం. సెరెన్ అనే చిన్న నది, దాని కుడి ఒడ్డున ఒకే కొండవాలు, ఆ వాలు మీద అత్యున్నత శ్రేణివైన ఏడు గ్రాండ్ క్రూ తోటలు. లె క్లో అనేదాని పక్క దారిలో వంగి ఒక తెల్లటి రాయి తీసుకున్నాను. అందులో కామా గుర్తులా వంపు తిరిగిన చిట్టి ఆల్చిప్పలు, వేలి గోరంతవి, కుప్పలుగా అతుక్కుని ఉన్నాయి. 15 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం. రాయి చూసుకుని, జాగ్రత్తగా అక్కడే పెట్టేశాను.

షాబ్లీ తాగితే ఆ చిప్పల రుచి వస్తుందని చాలామంది చెబుతారు. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. వేరు రాయిని పీల్చి పండులోకి పంపదు. నేలలోంచి వెళ్ళే ఖనిజాలు చాలా కొద్ది, వాటికి మనం గుర్తుపట్టేంత రుచి ఉండదు. ఆ నేల నీటిని పట్టి ఉంచే తీరు, వాలు మీద ఎండ పడే తీరు, పులుపు నిలిచే తీరు కలిసి నోట్లో రాయిని నాకినట్టు అనిపిస్తుంది. అనిపించడం మాత్రం నిజం. తడి పలక వాసన అని రాసుకోండి, తప్పులేదు.

10. భోజనంలో కారానికి దూరంగా

మొదట్లో మా ఇంటికి నలుగురిని పిలిచి, గోంగూర మాంసం, రొయ్యల వేపుడు, చేపల పులుసు చేసి, మంచి షార్డొనే సీసా పెట్టాను. వైన్ మొత్తం పోయింది. ఆల్కహాలు కారం మంటని పెంచింది. గోంగూర, చింతపండు వైన్ కంటే పుల్లనివి కాబట్టి, వాటి పక్కన వైన్ చప్పిడి నీళ్ళైపోయింది. వంటదీ తప్పు కాదు, వైన్‌దీ కాదు. పొత్తు కుదర్లేదు.

ఇక్కడ బారమండీ అని అమ్మే చేప మన పండుగప్పే. ఉప్పు, మిరియాలు, కొద్దిగా పసుపు రాసి, నెయ్యిలో తొక్క కరకరలాడేలా కాల్చి, పైన దబ్బరసం రెండు చుక్కలు. ఆ చేపకి కొండ తోటల షార్డొనే ఎంత బాగుంటుందో ఒకసారి తిని చూడండి. కొబ్బరిపాలలో వండిన రొయ్యలు, అల్లం తగ్గించిన పీతల కూర, ఉప్పు జీడిపప్పు కూడా. వెన్న, పీపా వాసనలున్న రకానికి కోడి బాగుంటుంది. పులుసుకి, ఆవకాయకి మంచినీళ్ళే మంచివి.

11. కొన్ని సీసాలు దాచండి

పులుపు బలంగా ఉన్నది నిలుస్తుంది, జాడీలో ఆవకాయలా. మంచి చలినేల షార్డొనే అయిదు నుంచి పదేళ్ళు ఆగుతుంది. తేనె, వేయించిన గింజలు, ఎండు పుట్టగొడుగులు అప్పుడు వస్తాయి. ఒకే వైన్ మూడు సీసాలు కొని, ఏడాదికొకటి తీసి, పాత నోట్సు పక్కన పెట్టుకుని చూడండి.

12. ఉమ్మడం నేర్చుకోండి

13 శాతం ఆల్కహాలున్న 750 మిల్లీలీటర్ల సీసాలో ఆస్ట్రేలియా లెక్కన 7.7 స్టాండర్డ్ డ్రింకులు ఉంటాయి, లేబుల్ మీదే రాస్తారు. వారానికి పది దాటొద్దని, ఏ ఒక్కరోజూ నాలుగు దాటొద్దని ఇక్కడి ఆరోగ్య సలహా. 150 మిల్లీలీటర్ల గ్లాసంటేనే ఒకటిన్నర. యారాలో మధ్యాహ్నం మూడు చోట్ల రుచి చూసి కారు నడుపుకుంటూ వచ్చే పిల్లల్ని చూస్తే నాకు గుండె దడ. విక్టోరియాలో కారు నడిపేవాళ్ళకి రక్తంలో ఆల్కహాలు పరిమితి 0.05 శాతం. ప్రతి రుచి గదిలోనూ ఉమ్మడానికి గిన్నె పెడతారు, వృత్తిలో ఉన్నవాళ్ళంతా అందులోనే ఉమ్ముతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 24 పంటలు నేను ఉమ్మే పని చేశాను. తాగనివాళ్ళు మీ వెంట వస్తే వాళ్ళ చేతికి కూడా గ్లాసు ఇచ్చి వాసన చూడమనండి, తాగమని మాత్రం అడగొద్దు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నా గ్లాసు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "దబ్బాకు నలిపావా?" అంది. పెదవికి తాకించలేదు. ఆ ఏడాది పై తోట షార్డొనే గురించి మా ల్యాబ్ మొత్తంలో అంత సరైన మాట ఎవరూ రాయలేదు. నా పుస్తకంలో దాన్ని అమ్మ పేరు మీదే రాసుకున్నాను.

మీరూ ఒక పుస్తకం పెట్టుకోండి. తేదీ, సీసా పేరు, ఊరు, తోచిన వాసన తెలుగులో రాయండి.